తూనికరాళ్లకు ముద్ర కలదు, రక్తపరీక్షకేదీ?

మాసూళ్ల వేళ కృష్ణా డెల్టాలో ఏ గ్రామమునకు పోయినను ఒక తగవు వినబడుచుండును. కళ్లములో ఆరబెట్టిన ధాన్యమును రైతు కొనుగోలు కేంద్రమునకు తెచ్చును. అచ్చటి యంత్రము నెమ్ము నూటికి 17 పాళ్లని చూపును. ప్రభుత్వ నిబంధన ప్రకారము అంతవరకు తేమ యున్న ధాన్యమును కొనవచ్చును గనుక రైతు సంతసించును. అదే ధాన్యము మిల్లునకు చేరినప్పుడు మిల్లువారి యంత్రము 19 అని చూపును. గింజ మారలేదు, చేను మారలేదు, రైతు మారలేదు, మారినది యంత్రము. ఈ రెండు పాళ్ల భేదమునకై బస్తాకు ఇంత యని తరుగు తీసినప్పుడు రైతు ఊరకుండడు. ఏ యంత్రము నిజము? దాని నెవరు సరిచూచిరి? ఎప్పుడు సరిచూచిరి? అని నిలదీయును. నిలదీయుట న్యాయము.

అదే రైతు మరియొకనాడు విజయవాడ సూర్యారావుపేటలో ఒక వైద్యాలయపు వసారాలో, భార్య రక్తపరీక్షా పత్రమును చేతబట్టుకొని కూర్చుండును. దానిలో ఒక అంకె యుండును. ఆ అంకె 35కు లోబడి యున్నచో ఇంటికి వెలుగు. మించినచో ఇంటికి చీకటి. ఆ అంకెను ఏ యంత్రము చెప్పినది, దాని నెవరు సరిచూచిరి, క్రిందటి నెల అంకె చెప్పిన యంత్రమును ఇదియు ఒకటేనా అను ప్రశ్న అతని నోట వెలువడదు. ధాన్యపు నెమ్ము విషయమున ఇంత జాగరూకత గల మనము ఇల్లాలి ప్రాణము విషయమున అచ్చుకాగితమును వేదవాక్యముగా స్వీకరించుచున్నాము. ఈ మౌనము వలన కలుగు కీడెట్టిదో విచారింపవలసియున్నది.

అండాశయ క్యాన్సరు మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సర్ల తరువాత మూడవది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థవారి అంచనా ప్రకారము 2022వ సంవత్సరమున ప్రపంచమందు 3,24,000 మందికి పైగా స్త్రీలలో ఈ వ్యాధి క్రొత్తగా బయటపడెను. 2,06,000 మందికి పైగా మరణించిరి. వ్యాధి స్వభావమే కపటము. కడుపుబ్బరము, ఆకలి మందగించుట, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట: ఇవియే తొలి గురుతులు. ఇవి ఏ యింట లేవు? అజీర్ణమని వాము నమలుచు, వయసు దోషమని సరిపెట్టుకొనుచు నెలలు గడపుదురు. పెక్కుమంది వైద్యుని చేరునప్పటికే వ్యాధి కడుపంతయు వ్యాపించియుండును. కంటికి కనబడని శత్రువును పసిగట్టుటకు వైద్యులు రక్తమందలి ఒక సూచికను ఆశ్రయించిరి. దాని పేరు సి.ఎ.-125.

1981లో బోస్టను నగరమున రాబర్టు బాస్టు అను వైద్యుడును ఆయన సహచరులును అండాశయ క్యాన్సరు కణముల నంటిపట్టుకొను ఒక ప్రతిరక్షకమును ఎలుకల నుండి తయారుచేసిరి. అది పట్టుకొను పదార్థమే సి.ఎ.-125. దానిని రక్తములో కొలుచు విధానమును 1983లో ప్రకటించిరి. ఆనాటి పరిశీలనలో ఆరోగ్యవంతులైన 888 మందిలో నూటికి ఒకరికి మాత్రమే అది 35 యూనిట్లకు మించెను; అండాశయ క్యాన్సరు గల 101 మందిలో నూటికి 82 మందికి మించెను. నేటికిని మన పరీక్షాపత్రముల అంచున అచ్చువేయు 35 అను హద్దు ఆనాడు పుట్టినదే.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గుర్తింపవలయును. కిలోగ్రాము వలె, మీటరు వలె ఈ యూనిట్టు ప్రపంచమంతటికి ఒకటిగా స్థిరపడిన కొలత కాదు. అది ఆనాటి పద్ధతితో పుట్టిన ఒక ఏర్పాటు. తరువాత పలు కంపెనీలు పలు యంత్రములను తయారుచేసినవి. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రతిరక్షకపు జంటను వాడును. ఒక్కొక్కటి తన కొలబద్దను తానే నిర్ణయించుకొనును. సి.ఎ.-125 యో, మిక్కిలి పొడవైన, చక్కెర కొమ్మలు దట్టముగా అల్లుకొనిన మాంసకృత్తు. ఒక ప్రతిరక్షకము దాని నొకచోట పట్టును, మరియొకటి మరొకచోట పట్టును. కావున ఒకే స్త్రీ రక్తమును ఒకే దినమున రెండు పద్ధతుల కొలిచినచో రెండంకెలు రావచ్చును. ఇందు ఎవరి మోసమును లేదు, ఎవరి అలసత్వమును లేదు. దశాంశ కొలతలు రాకపూర్వము మన పుట్టి ఒకసీమలో ఒకవిధముగను వేరొకసీమలో వేరొకవిధముగను ఉండెడిది గదా! పుట్టి ధాన్యమన్నప్పుడు ఏ సీమ పుట్టి యని వర్తకు డడిగెడివాడు. సి.ఎ.-125 ఇంత యన్నప్పుడు ఏ పద్ధతి యని మన మడుగుట లేదు.

ఇందలి ప్రమాదము తెలియుటకు ఒక దృష్టాంతమును ఊహింతము. ఉయ్యూరు చెంత ఒక గ్రామమున ఒక గృహిణి కలదనుకొందము. ఆమెకు శస్త్రచికిత్స జరిగినది. మందుల విడతలు ముగిసినవి. ఇక మూడు నెలల కొకసారి సి.ఎ.-125 చూచుకొమ్మని వైద్యుడు చెప్పెను. మొదటిసారి విజయవాడలో ఒక పరీక్షాశాల 18 అని చెప్పినది. రెండవసారి ఊరి సమీపమున రక్తము సేకరించువా డొకడు దానిని వేరొక నగరపు కేంద్రశాలకు పంపగా 29 అని వచ్చినది. మూడవసారి కూతురి యింటికి హైదరాబాదు పోయినప్పుడు మరియొకచోట 38 అని వచ్చినది. మూడు కాగితములను వరుసగా పెట్టి చూచినచో వ్యాధి మరల తల యెత్తినట్లే కనబడును. ఆమెకు నిద్రయుండదు. స్కానింగుకై పరుగు, ధాన్యము నమ్మగా వచ్చిన సొమ్ము ఖర్చు, భర్త ముఖమున విచారము. నిజముగా పెరిగినది వ్యాధియా, లేక మారినది యంత్రమా? ఆ మూడు కాగితములను చూచి ఏ ధన్వంతరియు చెప్పజాలడు. కథ తలక్రిందు కావచ్చును గూడ: నిజముగా పెరుగుచున్న అంకె తక్కువ చూపు యంత్రముపై నిలకడగా కనబడి, కుటుంబము నిశ్చింతగా నిద్రించుచుండగా వ్యాధి కడుపులో విస్తరింపవచ్చును.

ప్రకాశము బ్యారేజి చెంత నది మట్టమును గూర్చి మన మెంత కచ్చితముగా మాటలాడుదుము! 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు బ్యారేజిని దాటినదని చెప్పుకొనుచున్నాము. గీతల కొయ్యను ప్రతి వరదకును ఒక చోటినుండి మరొక చోటికి మార్చుచుండినచో వరదలను పోల్చగలమా? రోగిని కనిపెట్టియుండుటకు వలయునది ఒక్క అంకె కాదు, అంకెల వరుస. వరుసకు అర్థము కలుగవలయునన్న కొలబద్ద ఒకటిగా నుండవలయును. అందుకే పద్ధతి మార్చక తప్పనప్పుడు రెండు పద్ధతులతోను ఒకసారి కొలిచి క్రొత్త ఆధారమును ఏర్పరచుకొనవలెనని ఈ శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. ఈ సూత్రము మన పట్టణములలో ఎంతమంది రోగులకు దక్కుచున్నది?

అంకె పెరిగినంతమాత్రమున క్యాన్సరు కాదను సంగతియు తెలియవలయును. బహిష్టు దినములలో, గర్భము ధరించిన తొలి నెలలలో, ఎండోమెట్రియోసిస్‌ వ్యాధిలో, కాలేయము చెడినప్పుడు, గుండె బలహీనమైనప్పుడు ఇది పెరుగును. అన్నిటికంటె మన దేశమున గమనింపవలసినది కడుపులో క్షయ. ఆ వ్యాధిలోను కడుపున నీరు చేరును, శరీరము కృశించును, సి.ఎ.-125 వందలలోనికి పోవచ్చును. క్యాన్సరని తలచి కడుపు కోసి చూడగా క్షయ బయటపడిన సందర్భములు వైద్యపత్రికలలో అనేకములు కలవు. ఆరు నెలల మాత్రలతో నయమగు రోగికి మరణశిక్ష విన్నట్లగును. కొందరి రక్తములో ఎలుక ప్రతిరక్షకములకు ఎదురు నిలుచు పదార్థము లుండి లేని అంకెను సృష్టించును. జుట్టునకు గోళ్లకు మంచిదని మ్రింగు బయోటిన్‌ మాత్రలు కొన్ని పద్ధతులలో ఉన్న అంకెను తగ్గించి చూపగలవు. పరీక్షాశాలలోని వాడు ఏమి మాత్రలు వాడుచున్నావమ్మా యని అడుగడు. అడుగవలసిన యవసరము ఆమెకు తెలియదు.

ఇంక ఆరోగ్యవంతులైన స్త్రీలకు “ప్యాకేజీ” పేర ఈ పరీక్షను అమ్ము ఆచారమును గూర్చి ఒక మాట. అమెరికాలో 78,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశీలన ఫలితములు 2011లోను, బ్రిటనులో 2,02,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశీలన తుది ఫలితములు 2021లోను వెలువడినవి. ఏ లక్షణములును లేనివారికి ఈ రక్తపరీక్షయు స్కానింగును ఏటేట చేసినందువలన అండాశయ క్యాన్సరు మరణములు తగ్గలేదని రెండును తేల్చినవి. అమెరికా పరిశీలనలో క్యాన్సరు లేకయే అనుమానపు ఫలితము వచ్చిన 3,285 మందిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగెను. వారిలో నూటికి 15 మంది తీవ్రమైన చిక్కులపాలైరి. రోగము లేని దేహమును కత్తికి అప్పగించుట కంటె ఘోరమేమి కలదు? లక్షణములున్న స్త్రీకి ఈ పరీక్ష దీపము. లక్షణములు లేనివారికి ఇది పెక్కుమార్లు దయ్యపుమంట.

రక్తము సంగతి యిట్లుండ, నేటి చికిత్స కణితి ముక్కపై చేయు పరీక్షలమీద మరింతగా ఆధారపడియున్నది. తెగిన జన్యుతంతువులను అతుకుకొను శక్తి మన కణములకు సహజముగా కలదు. బి.ఆర్‌.సి.ఎ. అను జన్యువులు చెడినప్పుడు ఆ శక్తి సన్నగిల్లును. అదే క్యాన్సరునకు కారణమగును, అదే క్యాన్సరును చంపుటకు మార్గమును అగును. ఓలాపరిబ్‌ అను మందు ఈ లోపమును ఆసరాగా గొని పనిచేయును. ఆ జన్యులోపము గల స్త్రీలకు తొలి చికిత్స తరువాత ఈ మందు నిచ్చి పరిశీలింపగా, ఏడేండ్లకు నూటికి 67 మంది జీవించియుండిరి. ఉత్తమాత్ర లిచ్చినవారిలో నూటికి 46.5 మంది. అనగా పరీక్షాపత్రమున నున్న ఒక్క “ఉన్నది”, “లేదు” అను మాటపై ఒక కుటుంబపు భవిష్యత్తు నిలిచియున్నది. ఆ మాట కూతుళ్లకును చెల్లెండ్రకును వర్తించును గనుక తప్పు ఒక తరముతో పోదు.

ఈ జన్యువులు బాగుగనే యున్నను అతుకు శక్తి లేని కణితులు కలవు. కణితిలోని జన్యుతంతువులపై పాత గాయపు మచ్చలను లెక్కించి వానిని గుర్తింతురు. బహుళ ప్రచారములో నున్న ఒక పరీక్షలో ఆ లెక్క 42 గాని అంతకు మించి గాని యైన లోపమున్నట్లు. వేరు సంస్థలు వేరు లెక్కలను వేరు హద్దులను వాడును. అవి అన్నివేళల ఏకీభవింపవు. కణితి ముక్కను ఎట్లు భద్రపరచిరన్నదియు ముఖ్యమే. శస్త్రచికిత్స గదిలో తీసిన ముక్కను సకాలమున తగు పాళ్లు గల ఫార్మలిన్‌లో వేయక వేసవి వేడిమిలో గంటలకొలది ఉంచినను, దానిలో దినములకొలది నాననిచ్చినను జన్యుతంతువులు చిల్లులు పడును. తరువాత మైనపు దిమ్మలో పెట్టి ఎంత గొప్ప నగరమునకు పంపినను, ఎంత ఖరీదైన యంత్రమున వేసినను, చెడిన విత్తనమునుండి మంచి పైరు రాదు. పరీక్ష పరీక్షాశాలలో ఆరంభము కాదు. శస్త్రవైద్యుని బల్లయొద్దనే ఆరంభమగుచున్నది.

ఈ సందర్భమున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. 1925లో హార్వర్డు విద్యాపీఠమున ఆయన ఫిస్కేతో కూడి రక్తమూత్రములలో భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును ప్రకటించెను. అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతియని పేరొంది లోకమంతట పరీక్షాశాలలలో దశాబ్దములు వాడుకలో నిలిచినది. ఆ పద్ధతి కీర్తికి మూలమేమి? బోస్టనులో చేసినను మద్రాసులో చేసినను, గురువు చేసినను శిష్యుడు చేసినను, చెప్పినట్లు చేసినచో ఒకే అంకె వచ్చుట. పునరావృత్తిలో నిలుచునదే కొలత, తక్కినది ఊహ.

తరువాత లెడర్లీ పరిశోధనాశాలకు నాయకుడై ఆయన ఫోలిక్‌ ఆమ్లముపై కృషి సాగించెను. దానికి ఎదురు నిలుచు అమినోప్టెరిన్‌ అను మందు ఆయన బృందము చేతినుండియే వెలువడెను. దానితో సిడ్నీ ఫార్బరు బోస్టనులో బాలల రక్తక్యాన్సరును తాత్కాలికముగనైనను లొంగదీసినట్లు 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. నేడు విచిత్రమేమన, ఆ ఫోలిక్‌ ఆమ్లమే అండాశయ క్యాన్సరు చికిత్సలో మరల ప్రత్యక్షమైనది. ఈ కణితులలో పెక్కింటిపై ఫోలేటును గ్రహించు ఒక ద్వారము దట్టముగా నుండును. ఆ ద్వారము నంటి విషమును లోనికి చేర్చు మిర్వెటుక్సిమాబ్‌ అను మందును 2022 నవంబరులో అమెరికా అంగీకరించెను. కాని అది అందరికి కాదు. కణితి ముక్కకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడగా నూటికి 75 కణములకు తక్కువ కాకుండ మధ్యమముగా గాని గాఢముగా గాని రంగు కనబడవలయును. 74 అని యొక కన్ను చెప్పిన మందు లేదు. 76 అని వేరొక కన్ను చెప్పిన మందు కలదు. సుబ్బారావుగారు రంగు గాఢతతోనే కొలత నేర్పిరి. వారు నేర్పిన నిలకడ ఈనాటి రంగు పరీక్షకు అంతకంటె ఎక్కువగా కావలసియున్నది.

ఆ నిలకడ ఎట్లు వచ్చును? దారి క్రొత్తది కాదు. 1947లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెల్కు, సండర్మను అను ఇరువురు ఒకే విధమగు ద్రవములను పలు ఆసుపత్రుల పరీక్షాశాలలకు పంపి ఫలితములను పోల్చిరి. పేరుపొందిన శాలలు సహితము తప్పుటంకెలు చెప్పినట్లు వెల్లడియయ్యెను. ఆ అవమానమునుండియే బాహ్యపరీక్షా విధానము పుట్టినది. మన దేశమున వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు ఇట్టి కార్యక్రమమును నడుపుచున్నారు: తెలియని నమూనాను పంపుదురు, శాల కొలిచి చెప్పును, తక్కినవారితో పోల్చి లోపమెంతయో తెలుపుదురు. ప్రతిదినము ఉదయమున ఫలితము ముందే తెలిసిన నమూనాను నడిపి, యంత్రము దారి తప్పలేదని తేల్చుకొని, పిమ్మట రోగుల రక్తమును తాకుట లోపలి నియమము. పరీక్షాశాలల జాతీయ గుర్తింపు మండలి ఈ రెంటిని చూచి గుర్తింపు నొసగును. కాని ఆ గుర్తింపు కోరుటయు మానుటయు శాల ఇష్టము. అదియు గాక గుర్తింపు శాల కంతటికి కాదు, పరీక్షకు పరీక్షకు వేరు. గోడపై ముద్ర చక్కెర పరీక్షకు వచ్చినదై సి.ఎ.-125కు లేకపోవచ్చును.

తూనికల విషయమున మన ప్రాచీనులు ఇంత ఉదాసీనులు కారు. తూనికలను కొలతలను ఆరారు నెలల కొకసారి రాజు మరల పరీక్షింపవలెనని మనుస్మృతి చెప్పినది. కౌటిల్యుడు నాలుగు నెలల కొకసారి యనెను. ముద్ర లేనివానిని వాడినవానికి దండము విధించెను. పప్పు, ఉప్పు తూచు రాతికే ఇంత కట్టుదిట్టము. నేటికిని తూనికలు కొలతల శాఖవారు కూరగాయల దుకాణములో ముద్ర లేని రాయిని చూచిన కేసు పెట్టుదురు. ప్రాణమును తూచు యంత్రమునకు మాత్రము ముద్ర ఐచ్ఛికమట!

చిన్న పరీక్షాశాలలు ఈ ఖర్చును భరింపజాలవని ఒక ఆక్షేపణ కలదు. అది పూర్తిగా త్రోసివేయదగినది కాదు. మచిలీపట్టణములోను గుడివాడలోను చిన్న శాల మూతపడినచో పేదవాడు చక్కెర పరీక్షకు సహితము విజయవాడకు పరుగెత్తవలసివచ్చును. కాని అన్ని పరీక్షలను అన్ని శాలలును చేయవలెనను నియమమేమియు లేదు. నిలకడగా చేయగలవానిని చేయనిండు. చేయలేనివానిని చేయగలవారికి పంపి, ఆ సంగతి కాగితముపై వ్రాయనిండు. తక్కువ జీతమునకు రేయింబవళ్లు పనిచేయు పరీక్షకులను నిందించుట మా యుద్దేశము కాదు. వారికి సరియైన నియంత్రణ నమూనాలను, శిక్షణను ఇయ్యని యజమానులదియు, అడుగని ప్రజలదియు లోపము.

కావున మూడు కోర్కెలు. మొదటిది పరీక్షాశాలల వారికి: ప్రతి క్యాన్సరు సూచిక ఫలితము ప్రక్కను పద్ధతి పేరును, యంత్రము పేరును, కొలిచిన శాల పేరును అచ్చువేయుడు, పద్ధతి మారినచో ఎఱ్ఱ సిరాతో తెలుపుడు. రెండవది ప్రభుత్వమునకు: 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్‌.టి.ఆర్‌. వైద్యసేవగా నడచుచున్న పథకమున క్యాన్సరు చికిత్సకు ప్రజాధనమును వెచ్చించుచున్నారు; ఆ చికిత్స ఆధారపడు పరీక్షలు బాహ్యపరీక్షలో నెగ్గిన శాలలలోనే జరుగవలెనని నిబంధింపుడు, నెగ్గిన వివరములను బహిరంగపరచుడు. మూడవది మన కందరికి: ఒక రోగి, ఒక శాల, ఒక పద్ధతి, పాత కాగితములన్నియు ఒక సంచిలో, వాడు మాత్రలన్నియు వైద్యునికి తెలుపుట, ఒక్క అంకెను చూచి గుండె చెదరకుండుట. వ్యాధి తిరుగబెట్టినదని సి.ఎ.-125ను బట్టి నిర్ణయించుటకు పరిశోధకులు సహితము కనీసము వారము వ్యవధితో రెండవ పరీక్షను కోరుదురు. పైగా లక్షణములు లేనప్పుడు అంకె పెరిగినదని వెంటనే మందు లారంభించినందువలన ఆయువు పెరుగలేదని 2010లో ప్రకటితమైన ఐరోపా పరిశీలన తెలిపినది. తొందర కంటె తెలివిడి మేలు.

వచ్చు మాసూళ్లలో నెమ్ము యంత్రమును సరిచూపుమని రైతు మరల అడుగును, అడుగవలయును. ఆ గొంతుతోనే, తలవంపనక, సూర్యారావుపేటలోను అడుగవలయును: “అయ్యా, ఈ అంకెను ఏ పద్ధతి చెప్పినది? క్రిందటిసారి చెప్పినది ఇదియేనా?” ఈ రెండు ప్రశ్నలకు పైకము పట్టదు, ఇంగ్లీషు చదువు పట్టదు. ధాన్యపు బస్తాకు నిలదీయగల నోరు ఇల్లాలికొరకు మూగవోరాదు.